ప్రయాణ వికారం: కదిలే వాహనంలో చదివేవారి ఇబ్బంది, నివారణ మార్గాలు

కదిలే వాహనంలో తల తిరగడం, కడుపులో తిప్పడం, చల్లని చెమటలు పట్టడం, చివరికి వాంతి కావడం వంటి లక్షణాలను కలిపి ప్రయాణ వికారం అంటారు. ‘నాకు బస్సు పడదు’, ‘కారు పడదు’ అని మనవాళ్లు చెప్పుకునేది దీని గురించే. ఓడలోనూ విమానంలోనూ రైలులోనూ అంతరిక్ష నౌకలోనూ ఇది వస్తుంది. కారులో మాత్రం దీనికి ఒక ప్రత్యేకత ఉంది. కిటికీలోంచి చూస్తూ గంటలకొద్దీ హాయిగా ప్రయాణం చేయగలిగినవారు కూడా పుస్తకం తెరిస్తే కొద్ది నిమిషాలకే ఇబ్బంది పడతారు. చేతిలోకి ఫోను, ఒళ్లోకి లాప్‌టాప్ వచ్చాక ఈ బాధ ఎరుగనివారే అరుదయ్యారు.

ఇది రోగం కాదు. చక్కగా పనిచేస్తున్న సమతాస్థితి వ్యవస్థ చూపే స్పందన. పుస్తకంలో దోషమేమీ లేదు. పేజీకి అంకితమైన కళ్లకు దారి కనబడదు. దారి కనబడకపోతే మలుపు ఎప్పుడొస్తుందో, బ్రేకు ఎప్పుడు పడుతుందో మెదడుకు ముందుగా అందదు. అందుకే ఫలితమిచ్చే ఉపాయాలన్నీ మూడు పనుల్లో ఏదో ఒకటి చేస్తాయి: కదలిక వార్తను కంటికి చేరవేస్తాయి, రాబోయే కదలికను ముందే తెలుపుతాయి, లేదా కదలికనే తగ్గిస్తాయి. మందులు వీటికి తోడు.

లక్షణాలు

వికారం ఒక్కసారిగా వాంతితో మొదలవదు. మొదట ఆవులింతలు, మగత, చిరాకు కనిపిస్తాయి. ముఖం పాలిపోతుంది. నోట్లో నీరూరుతుంది. నుదుటి మీద చల్లని చెమట పడుతుంది. తర్వాత పొట్టలో బరువు, వికారం, వాంతి వరుసగా వస్తాయి. కొందరిలో వికారం లేకుండా మగత, నిరాసక్తత మాత్రమే ఉంటాయి. ఆష్టన్ గ్రేబియల్, జేమ్స్ నెప్టన్ 1976లో ఈ స్థితికి ‘సోపైట్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. కారెక్కగానే నిద్ర ముంచుకొచ్చే పిల్లల్లో కొంతమందికి కారణం ఇదే కావచ్చు.

తొలి సూచనలను గుర్తించడం చాలా ముఖ్యం. ఆవులింతల దశలో పుస్తకం మూసేస్తే ఇబ్బంది త్వరగా సర్దుకుంటుంది. పేరా పూర్తయ్యేదాకా ఓర్చుకుంటే వాహనం ఆగాక కూడా చాలాసేపు వదలదు.

చెవి, కన్ను, మెదడు

శరీరం కదులుతున్న సంగతి మెదడుకు మూడు దారుల్లో చేరుతుంది. మొదటిది లోపలి చెవి. అందులోని మూడు అర్ధవర్తుల కుల్యలు తల తిరిగే వేగాన్ని పసిగడతాయి. తల తిరిగినప్పుడు కుల్యల్లోని అంతరలసిక వెనకబడి, సన్నని రోమకణాలను వంచుతుంది. పక్కనే ఉన్న యుట్రిక్యులస్, సాక్యులస్‌లు సరళరేఖలో వచ్చే వేగపు మార్పునూ భూమ్యాకర్షణ దిశనూ తెలుపుతాయి. లోపలి చెవి మీద చేసిన కృషికే రాబర్ట్ బరానీకి 1914 నోబెల్ బహుమతి లభించింది. రెండో దారి కన్ను, ముఖ్యంగా చూపు అంచుల్లో కదిలే దృశ్యం. మూడోది మెడ, నడుము, పాదాల కండరాలూ కీళ్లూ పంపే సంకేతాలు.

నడుస్తున్నప్పుడు ఈ మూడూ ఒకే మాట చెబుతాయి. పైగా అడుగు వేయబోయేది మనమే కాబట్టి తర్వాత ఏ సంకేతం రావాలో మెదడు ముందే లెక్క కట్టుకుంటుంది. ఆ లెక్కకూ అందిన సంకేతానికీ పొంతన కుదరకపోతే, అది సర్దుకోకుండా అలాగే కొనసాగితే వికారం పుడుతుంది. ఈ పనిలో వెస్టిబ్యులర్ కేంద్రకాలకూ అనుమస్తిష్కానికీ ప్రధాన పాత్ర ఉంది. అక్కడి సంకేతాలు మెదడు కాండంలోని వాంతిని నియంత్రించే భాగాలకు చేరతాయి.

చదివేటప్పుడే ఎందుకు ఎక్కువ?

పుస్తకం కారుతో పాటే కదులుతుంది. చదివేవారి కంటికి పేజీ, ముందు సీటు, తలుపు అన్నీ నిశ్చలంగా ఉంటాయి. ‘ఎక్కడివాళ్లం అక్కడే ఉన్నాం’ అని కన్ను చెబుతుంది. ‘ఎడమకు తిరిగాం, వేగం తగ్గింది, మళ్లీ పెరిగింది’ అని చెవి చెబుతుంది. ఈ వైరుధ్యం చదువుతున్నంతసేపూ తీరదు.

దీనికి తోడు మరో చిక్కుంది. తల కుడికి తిరిగితే కళ్లు తమంతట తాము ఎడమకు తిరిగి చూపును నిలబెడతాయి. ఇది పుట్టుకతో వచ్చిన ప్రతీకార చర్య. కారు మలుపు తిరిగినప్పుడు పేజీ కూడా తలతో పాటే తిరుగుతుంది. అప్పుడు కళ్లు ఎదురు తిరిగితే అక్షరాలు జారిపోతాయి. కాబట్టి మెదడు ప్రతి మలుపులోనూ ఆ చర్యను అణచిపెట్టాలి. మూడో చిక్కు వంచిన తల. ఒళ్లో పుస్తకం పెట్టుకున్నవారి చూపు అంచుల్లో కిటికీ కూడా ఉండదు. కారు తిరుగుతుండగా తల పైకెత్తినా దించినా రెండు భ్రమణాలు కలిసిపోయి, కుల్యల నుంచి లేని తిరుగుడును సూచించే సంకేతం పుడుతుంది. దీన్ని కోరియోలిస్ ప్రభావం అంటారు. ఘాట్ రోడ్డులో పేజీకీ కిటికీకీ మధ్య మాటిమాటికీ తల ఆడించేవారికి ఇబ్బంది ఎక్కువవడానికి ఇదొక కారణం.

సిద్ధాంతాల చరిత్ర

లోపలి చెవి ప్రమేయాన్ని మొదట గట్టిగా సూచించినవారిలో అమెరికన్ తత్వవేత్త, మనస్తత్వ శాస్త్రజ్ఞుడు విలియం జేమ్స్ ఒకరు. పుట్టుకతో చెవిటివారైన అనేకమందికి గిరగిర తిప్పినా తల తిరగదని 1882లో ఆయన ప్రకటించారు. ఆ తర్వాత చాలా కాలానికి అమెరికా నౌకాదళ పరిశోధకులు, లోపలి చెవి దెబ్బతిన్న గలాడెట్ కళాశాల బధిరులు 11 మందితో ప్రయోగాలు చేశారు. కల్లోల సముద్రంలో పరిశోధకులే వాంతులతో సతమతమైనా ఆ స్వచ్ఛంద సేవకులకు ఏమీ కాలేదు. లోపలి చెవి పనిచేయనివారికి ప్రయాణ వికారం రాదన్న సంగతి అలా రూఢి అయింది.

జేమ్స్ రీజన్, జె. జె. బ్రాండ్ 1975లో వెలువరించిన గ్రంథం ఇంద్రియ సంఘర్షణ సిద్ధాంతానికి స్థిరరూపం ఇచ్చింది. నేటికీ ఎక్కువమంది అంగీకరించేది దీన్నే. విల్లెం బ్లెస్ బృందం 1998లో దాన్ని మరింత కుదించి, ‘కిందికి’ అంటే ఏ దిశో మెదడు వేసుకున్న అంచనా తప్పడమే అసలు కారణమని ప్రతిపాదించింది. గ్యారీ రిచియో, థామస్ స్టోఫ్రెగన్ 1991లో వేరే వాదం తెచ్చారు. వారి ప్రకారం శరీర భంగిమను నిలుపుకోలేని అస్థిరతే వికారానికి మూలం.

కదలికకూ వాంతికీ సంబంధం ఏమిటన్న ప్రశ్నకు మిషెల్ ట్రైస్మన్ 1977లో ఒక జవాబు ఇచ్చారు. విషపదార్థాలు తిన్నప్పుడు కూడా కంటికీ చెవికీ పొంతన తప్పుతుంది. కాబట్టి పొంతన తప్పిన వెంటనే కడుపు ఖాళీ చేసుకునే ఏర్పాటు జీవపరిణామంలో నిలిచిపోయి ఉంటుందని ఆయన ఊహ. ఇది ఆకర్షణీయమైన వివరణే గాని నిర్ధారణ అయిన సత్యం కాదు.

ఏ కదలిక కీడు చేస్తుంది?

గుంతల రోడ్డు కుదుపుల వల్లే వాంతులవుతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి వేగవంతమైన కుదుపులు నడుము నొప్పి తెస్తాయి గాని వికారం తేవు. వికారం తెచ్చేది నెమ్మదైన ఊపు. జేమ్స్ ఓహాన్లన్, మైఖేల్ మెకాలీ 1974లో ప్రచురించిన ప్రయోగాల్లో, పైకీ కిందికీ ఊగే కదలికల్లో 0.2 హెర్ట్జ్ దగ్గర, అంటే ఒక ఊపుకు 5 సెకన్లు పట్టినప్పుడు, ఎక్కువమంది వాంతి చేసుకున్నారు. నడకలో ఒళ్లు సెకనుకు సుమారు రెండుసార్లు ఊగుతుంది కాబట్టే నడిచేవారికి ఏమీ కాదు. 1997 నాటి ఐఎస్ఓ 2631 ప్రమాణం వికారాన్ని లెక్కించడానికి 0.1 నుంచి 0.5 హెర్ట్జ్ దాకా ఉన్న కదలికలనే పరిగణిస్తుంది.

కారులో ఆ నెమ్మది ఊపులు మూడు చోట్ల నుంచి వస్తాయి: మలుపులు, బ్రేకు, యాక్సిలరేటర్. తిరుమల, శ్రీశైలం, పాడేరు, అరకు ఘాట్ రోడ్లు ఎంత నున్నగా ఉన్నా ప్రయాణికులు ఇబ్బంది పడేది అందుకే. ట్రాఫిక్‌లో పడుతూ లేస్తూ సాగే క్యాబ్‌లో మలుపులు తక్కువే అయినా, ఆగడం, కదలడం ఒక లయలో సాగి అదే పని చేస్తాయి.

మార్క్ టర్నర్, మైఖేల్ గ్రిఫిన్ 1999లో ప్రచురించిన అధ్యయనం రోడ్డు ప్రయాణాల విషయంలో ముఖ్యమైనది. బ్రిటన్‌లో దూరప్రాంత బస్సుల్లో ప్రయాణించిన 3,256 మందిని వారు ప్రశ్నించారు. ముందున్న రోడ్డు బాగా కనిపించినవారిలో 12.7 శాతం మందికి ఒంట్లో బాగాలేదనిపిస్తే, రోడ్డు ఏమాత్రం కనిపించనివారిలో అది 34.6 శాతం. అంటే దాదాపు మూడు రెట్లు. బస్సు పక్కలకు ఊగిన కొద్దీ, డ్రైవర్ నడిపే తీరును బట్టీ ఈ సంఖ్య మారింది.

ఎవరికి ఎక్కువ?

రెండేళ్లలోపు పసివారికి దాదాపు రాదు. రెండు నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లలకు ఎక్కువ. తొమ్మిది, పదేళ్ల వయసులో ఉధృతంగా ఉండి, యౌవనంలో తగ్గుతుంది. పురుషుల కంటే స్త్రీలలో ఎక్కువ. మైగ్రేన్ ఉన్నవారిలోనూ గర్భిణుల్లోనూ ఇంకా ఎక్కువ. వంశపారంపర్యం కూడా ఉంది. 80 వేలమందికి పైగా జన్యు సమాచారాన్ని పరిశీలించి 2015లో ప్రచురించిన అధ్యయనం ఈ స్వభావంతో ముడిపడిన 35 జన్యు స్థానాలను గుర్తించింది.

దీన్ని మానసిక బలహీనతగా చూడటం అన్యాయం. కఠిన శిక్షణ పొందిన వ్యోమగాముల్లో సగానికి పైగా అంతరిక్షంలో తొలి రెండు మూడు రోజులు ఇలాంటి వికారానికే గురవుతారు. ‘అంతా నీ భ్రమ’ అని పిల్లలను కసిరితే వారి ఇబ్బంది తగ్గదు. రేపటి ప్రయాణమంటే భయం మాత్రం పెరుగుతుంది. ఆ భయం వికారాన్ని ఇంకా పెంచుతుంది.

డ్రైవర్‌కు ఎందుకు రాదు?

అదే కారు, అదే దారి. అయినా స్టీరింగ్ పట్టినవారికి వికారం రావడం అరుదు. ఆర్నన్ రోల్నిక్, ఆర్. ఇ. లుబో 1991లో ఈ ప్రశ్నను ప్రయోగానికి పెట్టారు. ఇద్దరిని ఒకే కదలికకు గురిచేసి ఒకరికే నియంత్రణ అప్పగిస్తే, నియంత్రణ లేనివారు ఎక్కువ బాధపడ్డారు. జపాన్‌లో తకహిరో వాడా బృందం 2012లో మరో తేడా చూపింది. డ్రైవర్ మలుపు లోపలి వైపుకు తల వంచుతాడు. ప్రయాణికుడి తల మాత్రం బయటి వైపుకు ఒరుగుతుంది. డ్రైవర్‌లాగే తల వంచమని చెప్పినప్పుడు ప్రయాణికులకూ వికారం తగ్గింది.

స్విట్జర్లాండ్ రైళ్లలో జరిగిన పరిశోధన దీన్నే బలపరుస్తుంది. వంపుల్లో పక్కకు ఒరిగే రైళ్లలో, వంపు మొదలయ్యాక పెట్టెను ఒరిగిస్తే ప్రయాణికులకు తిప్పింది. సరిగ్గా వంపు మొదలయ్యే క్షణానికే ఒరిగేలా మారిస్తే ఆ బాధ దాదాపు లేకుండా పోయిందని 2011లో ప్రకటించారు. ఔరెన్ కైపర్ బృందం 2020లో ప్రచురించిన పరిశోధనల్లో, ఊహించలేని కదలికే ఎక్కువ వికారం తెస్తుందనీ, కదలికకు ముందు చిన్న శబ్ద సూచన ఇస్తే అది తగ్గుతుందనీ తేలింది. చదివేవారికి లోపించేది సరిగ్గా ఈ ముందస్తు సమాచారమే.

చదవక తప్పనివారు పాటించదగినవి

అన్నిటికంటే మేలైన ఉపాయం చదవకపోవడమే. పరీక్ష ముందున్న విద్యార్థికీ క్యాబ్‌లోనే పని ముగించాల్సిన ఉద్యోగికీ అన్నివేళలా ఆ వెసులుబాటు ఉండదు. అలాంటివారికి కింది పద్ధతులు పనికొస్తాయి.

సీటు: పెద్దవారికి ముందు సీటు శ్రేష్ఠం. వెనక కూర్చోవాల్సివస్తే ముందు అద్దంలోంచి రోడ్డు కనిపించే చోటు ఎంచుకోవాలి. బస్సులో ముందు వరసలూ, రెండు ఇరుసుల మధ్య సీట్లూ నయం. ప్రయాణ దిశకు వీపు పెట్టి కూర్చోవద్దు. చిన్నపిల్లలను ముందు సీటులో కూర్చోబెట్టడం క్షేమం కాదు. వెనక సీటులోనే, బయటి దృశ్యం కనిపించే ఎత్తులో, వయసుకు తగిన సీటులో బెల్టుతో కూర్చోబెట్టాలి.

పుస్తకం ఎత్తు: ఒళ్లో పెట్టుకోకుండా కంటి ఎత్తుకు తేవాలి. ఔరెన్ కైపర్, యెల్టె బాస్, సిరియెల్ డీల్స్ 2018లో ఒకే పనిని రెండు ఎత్తుల్లో ఉన్న తెరల మీద చేయించారు. డ్యాష్‌బోర్డు కింద ఉన్న తెర కంటే, ముందు అద్దం ఎత్తులో ఉన్న తెరను చూసినవారికి వికారం తక్కువైంది. చదువుతున్నా చూపు అంచుల్లో రోడ్డు పారుతూ ఉండటమే దీని కిటుకు.

తల: సీటు తలగడకు ఆనించి నిలకడగా ఉంచాలి. తల ఆడించే బదులు పుస్తకాన్ని జరుపుకోవాలి.

విరామం: కొద్ది కొద్దిగా చదివి, మధ్యమధ్య దూరంగా ఉన్న కొండనో రోడ్డు చివరనో చూడాలి. పక్క కిటికీలోంచి దగ్గరి చెట్లను చూడటం కంటే ఎదుటి దూరాన్ని చూడటం మేలు.

దారిని బట్టి చదువు: నాలుగు వరసల తిన్నని హైవే మీద చదవాలి. ఘాట్ రోడ్డు, ఊళ్లో ట్రాఫిక్, ఫ్లైఓవర్ దిగే మలుపులు వచ్చేటప్పుడు ఆపాలి. అక్షరాలు పెద్దవి చేసుకుంటే కంటికి శ్రమ తగ్గుతుంది. చిన్న తెర మీద వేళ్లతో వేగంగా జరుపుతూ చదవడం మానుకోవాలి.

చెవితో చదువు: ఆడియో పుస్తకాలు, ఫోనులో పాఠాన్ని చదివి వినిపించే సదుపాయం ఈ సమస్యను దాదాపు దాటిస్తాయి. కళ్లు దారి మీదే ఉంటాయి, లేదా మూసి ఉంటాయి. రెండూ క్షేమమే.

తెరలు, పరికరాలు

తెర మీదే కదలికను చూపించే ప్రయత్నాలు ఎన్నో జరిగాయి. ఆపిల్ సంస్థ 2024 మే నెలలో ప్రకటించి, ఐఓఎస్ 18తో అందించిన వెహికల్ మోషన్ క్యూస్ అలాంటిదే. ఫోనులోని సెన్సర్లు వాహనపు కదలికను పసిగడతాయి. దానికి అనుగుణంగా తెర అంచుల్లో చిన్న చుక్కలు కదులుతాయి. నడిమిలోని పాఠానికి అడ్డు రాకుండా చూపు అంచుకు కదలిక వార్త చేరుతుంది. సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీ విభాగంలో మోషన్ కింద ఇది ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లకూ ఇదే సూత్రంతో పనిచేసే యాప్‌లు ఉన్నాయి. అందరికీ ఒకే మేలు జరగదు గాని, ఖర్చూ దుష్ఫలితమూ లేని ఉపాయం కనుక ప్రయత్నించి చూడవచ్చు.

ఫ్రాన్స్‌కు చెందిన సిట్రోయెన్ సంస్థ 2018లో సీట్రోయెన్ అనే కళ్లజోడు విడుదల చేసింది. ఇందులో అద్దాలుండవు. నాలుగు వలయాల్లో నీలి రంగు ద్రవం ఉంటుంది. వాహనం ఒరిగితే ద్రవమూ ఒరిగి, కళ్లకు కృత్రిమమైన దిగంతరేఖను చూపుతుంది.

మందులు

1947లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో దద్దుర్లకు కొత్త మందు ఇచ్చిన ఒక గర్భిణి, ట్రాములో తనకు ఎప్పుడూ వచ్చే వికారం ఆ మందు వేసుకున్నాక రావడం లేదని గమనించింది. వైద్యులు లెస్లీ గే, పాల్ కార్లినర్ ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు. 1948లో జెనరల్ బల్లూ అనే సైనిక నౌకలో పెద్ద ఎత్తున పరీక్షించి మందు గుణాన్ని నిర్ధారించారు. డైమెన్‌హైడ్రినేట్ ఇలా ప్రయాణ వికారపు మందైంది.

మన దేశంలో ప్రోమెథజీన్ తియోక్లేట్ మాత్రలు అవోమిన్ పేరుతో ఎక్కువమందికి తెలుసు. సిన్నరిజిన్, మెక్లిజిన్ కూడా వాడతారు. స్కోపోలమిన్ గట్టి ప్రభావం గలది. చెవి వెనక అంటించే దాని పట్టీ మూడు రోజులు పనిచేస్తుంది. ఇవన్నీ మెదడులోకి చేరి పనిచేసేవే. మగత తేని కొత్త తరం అలెర్జీ మందులు వికారం మీద పనిచేయకపోవడానికి అవి మెదడులోకి అంతగా చేరకపోవడమే కారణం. ఇతర వాంతులకు పేరున్న ఒండాన్‌సెట్రాన్ కూడా ప్రయాణ వికారానికి ఉపయోగపడదు.

మందును బయలుదేరే ముందే వేసుకోవాలి. వికారం మొదలైతే పొట్ట కదలిక మందగించి, మింగిన మాత్ర పేగులకు త్వరగా చేరదు. మగత, నోరు ఎండటం, చూపు మసకబారడం వీటి దుష్ఫలితాలు. చదువుకోవడం కోసం మందు వేసుకున్నవారు ఆ మగతలో చదివింది గుర్తుండకపోవచ్చని తెలుసుకోవాలి. వాహనం నడపబోయేవారు వీటిని వాడకూడదు. రెండేళ్లలోపు పిల్లలకు ప్రోమెథజీన్ ప్రమాదకరం. గర్భిణులు, గ్లకోమా ఉన్నవారు, ప్రోస్టేట్ సమస్య ఉన్నవారు వైద్యుడిని అడగకుండా ఏదీ వేసుకోరాదు.

ఇంటి చిట్కాలు, అలవాటు

ప్రయాణంలో నిమ్మకాయ వాసన చూడటం, అల్లం ముక్క చప్పరించడం, ఎండు ఉసిరి నోట్లో వేసుకోవడం మన ఇళ్లలో పరిపాటి. అల్లం మీద జరిగిన పరీక్షల ఫలితాలు ఒకేలా లేవు. కొన్నింటిలో మేలు కనిపించింది, కొన్నింటిలో లేదు. మణికట్టు మీద ఒత్తే పట్టీల సంగతీ అంతే. చల్లని గాలి, ఇష్టమైన సంగీతం, నిదానంగా లెక్కపెట్టినట్లు శ్వాస తీయడం కొంతమేర తగ్గిస్తాయని పరీక్షల్లో తేలింది. పొట్ట నిండా తిని గాని, పూర్తిగా ఖాళీ కడుపుతో గాని బయలుదేరకుండా తేలికైన పలహారం చేయడం మంచిది. పెట్రోలు వాసన, ఘాటైన కారు సెంటు ఇబ్బందిని పెంచుతాయి.

దీర్ఘకాలిక పరిష్కారాల్లో అలవాటును మించింది లేదు. వికారం అంచున ఆపుతూ, కొద్ది వ్యవధితో మళ్లీమళ్లీ ప్రయాణిస్తే మెదడు కొత్త లెక్క నేర్చుకుంటుంది. సైనిక పైలట్లకు ఈ పద్ధతిలోనే తర్ఫీదు ఇస్తారు. బ్రిటన్‌లోని వార్విక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో మరో మార్గం చూపారు. వస్తువులను మనసులోనే తిప్పి చూసే అభ్యాసాలు రెండు వారాలు చేసినవారిలో కారు వికారం సగానికి పైగా తగ్గింది.

డ్రైవర్, వాహన నిర్మాత

చదివేవారి జాగ్రత్త ఎంత ఉన్నా, స్టీరింగ్ పట్టినవారి చేతిలో ఉన్నది అంతకంటే ఎక్కువ. మలుపు రాకముందే వేగం తగ్గించడం, బ్రేకును మెల్లగా మొదలుపెట్టి మెల్లగా వదలడం, అనవసరంగా వరసలు మారకపోవడం వికారపు మూలాన్నే తగ్గిస్తాయి. యాక్సిలరేటర్ నుంచి కాలు తీయగానే వేగం తగ్గే విద్యుత్ కార్లలో ఈ నిదానం ఇంకా అవసరం. చాలా కార్లలో ఆ తీవ్రతను తగ్గించుకునే అమరిక ఉంటుంది.

డ్రైవర్ లేని కార్లు వస్తే అందరూ ప్రయాణికులే అవుతారు. ప్రయాణ సమయమంతా చదువుకోవచ్చన్నది ఆ కార్ల గురించి చెప్పే గొప్పల్లో ఒకటి. డీల్స్, బాస్ 2016లో హెచ్చరించినట్లు, దారి కనబడనివ్వని సీట్లూ కిందికి దించిన తెరలూ పెడితే ఆ సమయం వికారానికే పోతుంది. కారు కంప్యూటర్‌కు తర్వాతి మలుపు ముందే తెలుసు. ఆ సంగతిని వెలుగుతోనో శబ్దంతోనో సీటు కదలికతోనో లోపల కూర్చున్నవారికి ఒక క్షణం ముందు చెప్పడం సాధ్యమే. సీటు బెల్టునూ ఎయిర్ బ్యాగునూ రూపకల్పనలో భాగం చేసినట్లే ప్రయాణికుడి కడుపునూ లెక్కలోకి తీసుకోవడం నిర్మాతల బాధ్యత. అది నెరవేరేదాకా చదువరికి మిగిలిన ఆధారం పుస్తకాన్ని కంటి ఎత్తుకు లేపి, దారిని చూపు అంచున నిలుపుకోవడం, మొదటి ఆవులింతకే పేజీ మూయడం.